లెక్చరర్ గారి వెనుక పద్నాలుగు మంది

కాలేజీకి వెళ్లడం వల్ల విద్యార్థులకు ఏమి దొరుకుతుందనే ప్రశ్న మన దేశంలో కాలేజీలు పుట్టిన నాటి నుంచీ ఎవరికీ రాలేదు. అందువల్లనే కాలేజీలు ఇంతకాలం నిరాటంకంగా నడిచాయి. 1983 జనవరిలో మాత్రం పై నుంచి ఒక కాగితం వచ్చింది. (పై నుంచి అంటే ఎక్కడి నుంచో కింద ఉన్నవాళ్లు అడగకూడదు.) కళాశాలయందు విద్యార్థులు పొందుచున్న ప్రయోజనములేవో విద్యార్థులనే అడిగి మూడు ప్రతులలో తెలియజేయవలెనని అందులో ఉంది.

విశాఖపట్నంలో వన్ టౌన్‌కి ఎగువన, గట్టు మీద ఉన్న ఆ జూనియర్ కాలేజీకి ఈ కాగితం చేరినప్పుడు ఆఫీసు సూపరింటెండెంట్ గురునాథరావు గారు కొంచెం కూడా కంగారుపడలేదు. జవాబు ముందుగా తెలియని ప్రశ్నను ఆయన తన ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరికీ వేయలేదు. కాబట్టి ముందు జవాబులు తయారుచేసి, తర్వాత ప్రశ్న అచ్చు వేయించారు. దానికి ప్రయోజన పత్రం అని పేరు. కాలేజీలో మీకు విలువైనదిగా తోచినదేది అన్నది ప్రశ్న. ఒకటి, జ్ఞానము. రెండు, క్రమశిక్షణ. మూడు, వ్యక్తిత్వ వికాసము. నాలుగు, దేశ సమైక్యత. ఐదు, ఇతరములు (వివరములు వ్రాయరాదు). పత్రం ఇవ్వనివారికి హాల్ టికెట్ ఇవ్వబడదు.

అబ్బాయిలను నోటిమాటగా అడిగి ఉంటే ఈ అయిదింటిలో ఒక్కటీ వచ్చేది కాదు. బస్ పాస్ అనేవారు. ఇంటి దగ్గర "ఒరేయ్" అని పిలిచే తండ్రి నలుగురిలో "మావాడు కాలేజీ" అనడం గురించి చెప్పేవారు. ఎప్పుడైనా చేయగల సమ్మె గురించి చెప్పేవారు. అమ్మాయిలను అడిగితే ఏమీ చెప్పేవారు కాదు. ఆ కాలేజీలో అమ్మాయిలు మాట్లాడే సందర్భం ఒక్కటే, హాజరు పిలిచినప్పుడు. అప్పుడు వాళ్లు "ప్రెజెంట్ సార్" అనేవారు. రోజుకు అయిదు పీరియడ్లు గనుక అయిదుసార్లు అనేవారు.

గౌరీశ్వరి ఆ అయిదూ కూడా సరిగ్గా వినబడేలా అనలేకపోయేది. పలాస దగ్గర పల్లెలో, తాటాకు పాకలో నడిచే బడిలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరానికి ఇక్కడికి వచ్చింది. ఆమె అక్క పైడితల్లి ఆరేళ్లుగా జీడిపిక్కల షెడ్డులో పని చేస్తోంది. జీడి కారి కారి అక్క వేళ్లు నల్లబడ్డాయి. గౌరీశ్వరి మాత్రం కూర్మన్నపాలెంలో మేనమామ తవిటయ్య ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తవిటయ్య ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట కాంట్రాక్టరు కింద కడ్డీలు కట్టే పనివాడు. ఆయనకు కాలేజీ మీద అపారమైన గౌరవం ఉంది గాని, దానికి గడువు కూడా ఉంది.

"సూడమ్మా, పరీచ్చ రాసినావా, పై ఏడు కూడా నాను సదివిస్తాను. రాయనియ్యలేదనుకో, మీ అక్కతోటి పిక్కల షెడ్డుకే. మీ నాయినకి మాటిచ్చినాను. మరి నన్నేటీ అనకు" అని ఆయన ఆగస్టులోనే చెప్పేశాడు.

పరీక్ష రాయాలంటే నూటికి డెబ్బై అయిదు హాజరు ఉండాలి. ఏడాదికి రెండు వందల రోజులైతే నూట యాభై. ఇందులో ఏ అన్యాయమూ లేదు. కాని కూర్మన్నపాలెం నుంచి వచ్చే బస్సు ఫ్యాక్టరీ సామాన్లు మోసే పెద్ద లారీలకు దారి ఇచ్చి, వాటి వెనుక వచ్చే చిన్న లారీలకు కూడా మర్యాద కోసం దారి ఇచ్చి వస్తుంది. ఆ బస్సు దిగి గౌరీశ్వరి పరుగెత్తుకొచ్చేసరికి తరచుగా వరుస వెళ్లిపోయి ఉండేది. అయిదు పీరియడ్లలోనూ పేర్లు పిలిచినా, రోజు లెక్కకు హాజరు వేసేది మొదటి పీరియడ్‌లోనే.

వరుస అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఆ కాలేజీలో ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి వెళ్లరు. లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చుంటారు. గంట కొట్టాక లెక్చరర్ గారు రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆ గది ముందు నుంచి వెళ్తారు. అమ్మాయిలు లేచి ఆయన వెనుక వరుసగా నడుస్తారు. క్లాసు అయ్యాక మళ్లీ ఆయన వెనుకే బయటికి వస్తారు. వరుసలో లేని అమ్మాయి ఒంటరిగా క్లాసు గుమ్మం దాటడం మర్యాద కాదు. దీనికి నియమాలు ఉన్నాయి. లెక్చరరుకు, మొదటి విద్యార్థినికి మధ్య మూడడుగుల దూరం ఉండవలెను. లెక్చరరు వెనుకకు చూడరాదు. విద్యార్థినులు తల ఎత్తరాదు. ఈ ఏర్పాటులో ఎక్కడికి వెళ్తున్నామో చూసే బాధ్యత ఎవరి మీదా లేదు. (ఇది లోపం కాదు. పెద్ద సంస్థలన్నీ ఇలాగే నడుస్తాయి.)

ఫిబ్రవరి మొదటి మంగళవారం బస్సు టైముకు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. గౌరీశ్వరి వెయిటింగ్ రూముకి అందరికంటే ముందు చేరింది. ఆ గదిని కాపలా కాసే ఆయా అసిరమ్మ ఆమెను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో, ఇదేటి సిత్రమే! రోజూ కడాకి నిలబడి రొప్పుతుంటావు. ఇయాల నువ్వే ముందర నిలబడు. ఓణీ సర్దుకో."

"వద్దు అసిరమ్మా, నాకు భయం. వెనకే ఉంటాను."

"బయమేటి? మేష్టారి మడాలు సూసి నడవడవే గదా! మడాలకి బయపడతారేటే ఎవులైనా?"

గంట కొట్టారు. ఎకనామిక్స్ లెక్చరర్ రమణమూర్తి గారు రిజిస్టరు చంకలో పెట్టుకుని గది ముందు నుంచి వెళ్లారు. గౌరీశ్వరి మూడడుగులు లెక్కపెట్టి, ఆయన మడమల మీద చూపు ఆనించి నడిచింది. ఆమె వెనుక పదముగ్గురు.

ఆ రోజు రమణమూర్తి గారు క్లాసుకు వెళ్లడం లేదు. హాజరు రిజిస్టరు కుట్టు ఊడి, కాగితాలు రాలిపోతున్నాయి. ఉదయమే దాన్ని వన్ టౌన్‌లో బైండింగు చేయించి తేవాలని గురునాథరావు గారు లిఖితపూర్వకంగా ఆజ్ఞాపించారు. క్లాసు లేదనే నోటీసు కూడా తయారైంది. కాని అది మూడు ప్రతులలో టైపుకి వెళ్లి ఇంకా రాలేదు. రమణమూర్తి గారు మాత్రం గంట కొట్టగానే బయలుదేరారు. గంట కొట్టాక కూర్చోవడం ఆయనకు చేతకాదు.

రోజూ కుడివైపు తిరిగే మడమలు ఎడమవైపు తిరిగాయి. గౌరీశ్వరికి అనుమానం వచ్చింది. కాని ఎప్పుడూ వరుస చివర ఉండే పిల్లకి ముందున్నవాళ్లు ఏం చేస్తారో ఎలా తెలుస్తుంది? గేటు దగ్గర వాచ్‌మన్, లెక్చరర్ గారు ముందున్నారు కనుక, నమస్కారం పెట్టాడు. గట్టు దిగారు. ఎండుమిర్చి కొట్ల వీధిలోకి వచ్చారు. అందరూ తుమ్మారు, కాని వరుస చెదరలేదు. బస్తాలు దించుతున్న ఇద్దరు కలాసీలు ఆగి చూశారు.

"ఏటి బావ, ఊరేగింపా?"

"ఊరేగింపైతే బేండు ఏదిరా? అందరూ తలకాయలు దించేసుకున్నారు. ఎవులో పెద్దోరు పోనారు కావాల."

"అయ్యో పాపం" అని మొదటివాడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండోవాడూ తీశాడు.

పోర్టు గూడ్సు బండి వెళ్తుంటే రైలు గేటు దగ్గర రమణమూర్తి గారు ఆగారు. మూడడుగుల వెనుక పద్నాలుగు మందీ ఆగారు. వెనుక అడుగుల చప్పుడు ఆయనకు వినబడకపోలేదు. కాని సర్వీసులో చేరిన నాటి నుంచీ ఆ చప్పుడు వెనుక ఉండడం ఆయనకు అలవాటు. అది వినబడకపోతేనే ఆయన వెనక్కి చూసి ఉండేవారు.

బైండింగు షాపు కరీం బాషాది. ఆయన చూరు కింద కూర్చుని అట్టలు కోస్తూ తల ఎత్తి చూశాడు.

"సలాం మాస్టారు గారూ! ఒక్క రిజిస్టరుకి ఇంతమంది సాక్షులు ఎందుకు సార్? నేనేమన్నా తీసుకుని పారిపోతానా?"

రమణమూర్తి గారు వెనక్కి చూశారు. సర్వీసులో అదే మొదటిసారి.

"మీరు... ఇక్కడేం చేస్తున్నారు?"

వరుసలో ముందున్నది గౌరీశ్వరి గనుక జవాబు చెప్పవలసిన బాధ్యత ఆమెది. లెక్చరర్ గారితో అనదగిన మాట ఆమెకు ఒక్కటే తెలుసు.

"ప్రెజెంట్ సార్" అంది.

ఆ మాట వినగానే రమణమూర్తి గారి చెయ్యి దానంతట అదే రిజిస్టరు తెరిచింది. పెన్ను తీశారు. పద్నాలుగు పేర్లకూ హాజరు వేశారు. తర్వాత మిగతా పేర్లన్నీ కూడా వరుసగా పిలిచారు. అరవై ఇద్దరు అబ్బాయిల్లో ఎవరూ పలకలేదు. వాళ్లకి ఆబ్సెంట్ వేశారు. (ఆ సమయంలో ఆ అరవై ఇద్దరూ క్లాసులో కూర్చుని ఉన్నారు. అది కూడా అరుదైన సంగతే.)

కుట్టి, జిగురు రాసి, ఆరాలంటే గంట పడుతుందన్నాడు కరీం బాషా. అమ్మాయిలను ఒంటరిగా వెనక్కి పంపడానికి లేదు, ముందు నడిచే లెక్చరరు ఉండాలి. ఉన్న ఒక్క లెక్చరరూ రిజిస్టరు కోసం ఆగాలి. కాబట్టి అందరూ బల్లల మీద కూర్చున్నారు. కరీం బాషా కూతురు షబానా, గౌరీశ్వరి ఈడుదే, రిజిస్టరు విప్పి కాగితాల మడతలను పొడుగాటి సూదితో కుట్టడం మొదలుపెట్టింది. గౌరీశ్వరి చాలాసేపు చూసింది. ఆ పిల్ల లెక్చరరు కాదు గనుక ధైర్యం చేసింది.

"ముడి ఎక్కడేస్తావు? కనబడదేం?"

"కనబడితే ఇంక బైండింగెందుకు? ఇదిగో, నువ్వు కుట్టు" అని షబానా సూది చేతిలో పెట్టింది. "దారం లాగు. మరీ లాగకు, కాగితం చిరుగుద్ది. ఊఁ... బానే వచ్చిందే!"

"మొత్తం పుస్తకం నువ్వే చేస్తావా?"

"నేనా? నాకు కుట్టడమే వచ్చు. అమ్మ మడతలు పెడుద్ది, అబ్బా కోస్తారు. ముగ్గురం కలిస్తే రోజుకి నలభై చేస్తాం. నేనొక్కదాన్నే చేస్తే మూడు కూడా అవ్వవు."

గౌరీశ్వరి సూది ఆపింది. రమణమూర్తి గారు మూడు వారాలుగా నోట్సు రాయిస్తున్నారు. ఉత్పత్తి ప్రక్రియను వివిధ దశలుగా విభజించి ఒక్కొక్క దశను ఒక్కొక్క శ్రామికునికి అప్పగించుట. ఆమె అది కంఠతా పట్టింది. దానికి చేతులు ఉంటాయని మాత్రం అనుకోలేదు.

"సార్... శ్రమ విభజన అంటే ఇదేనా సార్?"

రమణమూర్తి గారు మొదట ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూశారు. తర్వాత మెల్లగా, "ఇదే" అన్నారు.

"మరి మా అక్క పిక్కల షెడ్డులో కొట్టే పనే చేస్తాది సార్. కాల్చేవాళ్లు వేరు, పొట్టు తీసేవాళ్లు వేరు. అందరూ కలిసి చాలా మూటలు చేస్తారు. కాని ఆరేళ్లయింది, అక్కకి ఇంకో పని ఏదీ రాలేదు. అది కూడా దీని లాభమేనా సార్?"

ఆయన మనసులో నోట్సు మొత్తం ఒకసారి తిరగేశారు.

"అది పుస్తకంలో లేదమ్మా" అన్నారు. ఆమె చేతిలోని సూది వైపు చూసి, "ఉండాలి" అన్నారు.

ఆ తర్వాత మిగతా అమ్మాయిలు అందుకున్నారు. షబానాకు కోయడం కూడా వస్తే నలభై అవుతాయా, తగ్గుతాయా? పోర్టులో బస్తాలు మోసేవాళ్ల బదులు మర వస్తే వాళ్లేం కావాలి? మొత్తం పదకొండు ప్రశ్నలు వచ్చాయి. రమణమూర్తి గారు పదకొండింటికీ, పుస్తకం లేకుండానే, చేతులు ఊపుతూ జవాబు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు రైలు గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి చూసి, అందరూ ఉన్నారో లేదో లెక్కపెట్టారు.

మర్నాడు అబ్బాయిలు సమ్మె చేశారు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. రానందుకు ఆబ్సెంట్ వేయడం ధర్మమే గాని, వచ్చినందుకు వేయడం దేశంలో ఎక్కడా లేదన్నారు. విచారణ జరపవలసిందిగా ప్రిన్సిపాల్ గారు గురునాథరావు గారిని కోరారు. అదే వారం ఆ క్లాసు ప్రయోజన పత్రాలు కూడా వచ్చాయి. డెబ్బై ఆరింటిలో డెబ్బై అయిదు మంది ఒకటో నంబరు జవాబు రాశారు. ఒక పత్రంలో మాత్రం ఐదు, ఇతరములు అని ఉండి, రాయకూడని చోట వివరం ఉంది. బైండింగు షాపులో పాఠం, అని. కింద గౌరీశ్వరి సంతకం.

ఆమెను ఆఫీసుకు పిలిచారు. ఆడపిల్ల ఒంటరిగా ఆఫీసులోకి రాకూడదు గనుక అసిరమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర చతికిలబడింది. గురునాథరావు గారు ముందుగా, హాల్ టికెట్ల కోసం ఆ మంగళవారంతో మూసేసిన హాజరు లెక్క చూపించారు. కావలసినవి నూట యాభై. గౌరీశ్వరికి ఉన్నవి, ఆ మంగళవారంతో కలిపి, సరిగ్గా నూట యాభై.

"చూడమ్మాయీ, ఆ మంగళవారం జరిగింది క్లాసయితే నీకు హాల్ టికెట్ వస్తుంది. కాకపోతే రాదు. క్లాసు అవునా కాదా అన్నది రూల్సు ప్రకారం తేలాలి. లెక్చరరు ఉన్నారా?"

"ఉన్నారండి."

"రిజిస్టరు ఉందా?"

"ఉందండి. కాకపోతే విప్పి ఉంది."

"ఫర్వాలేదు. అంతవరకూ క్లాసే. ఇప్పుడు ఆఖరుది. బోధన యథావిధిగా జరిగిందా? అంటే రోజూ జరిగినట్టే జరిగిందా? ఎవరైనా ప్రశ్నలు అడిగారా?"

"అడిగామండి."

గురునాథరావు గారు పెన్ను కింద పెట్టారు.

"ఎన్ని?"

"పదకొండండి."

"మూడేళ్ల రికార్డు చూశాను. మన కాలేజీలో ఏ క్లాసులోనూ ప్రశ్న అడిగినట్టు లేదు. పోనీ అడిగారు. జవాబులు అర్థం కాలేదు కదా?"

"అయ్యాయండి."

"తొందరపడి చెప్పకమ్మా. ఇది రికార్డు. పాఠం నీకు అర్థమైందంటావా?"

"అర్థమైందండి. సూది కూడా పట్టుకున్నాను."

"నిజం సెప్తంది గదా బాబూ, తప్పేటి?" అంది అసిరమ్మ గుమ్మం దగ్గర నుంచి.

"తప్పని ఎవరన్నారు అసిరమ్మా? క్లాసు కాదంటున్నాను, అంతే. అర్థమైతే అది విహారయాత్ర కిందికి వస్తుంది. విహారయాత్రకు ముందస్తు అనుమతి కావాలి. అనుమతి లేదు గనుక రమణమూర్తి గారికి మెమో, ఈ అమ్మాయికి నూట నలభై తొమ్మిది." ఆయన కఠినుడు కాదు. ఒక తెల్ల కాగితం ముందుకు జరిపారు. "రేపు పదకొండింటిలోగా రాసి తీసుకురా. ఏం రాస్తావో నీ ఇష్టం. నేను చెప్పకూడదు."

బయటికి వచ్చాక అసిరమ్మ గొంతు తగ్గించింది.

"ఒసే పిల్లా, ఓ మాట ఇను. నేర్సినదేటో నీ బుర్రలో ఉంది గదా. కాయితం మీద ఉంటే నీకేటి, నేకపోతే నీకేటి? మీ మావకి ఏటని సెప్తావు? పరీచ్చకి రానియ్యలేదు, ఎందుకంటే నాకు పాటం తెలిసిపోయిందీ అంటావా? తన్ని తగలేస్తాడు."

గౌరీశ్వరి ఇంటికి వెళ్తే తవిటయ్య అన్నం ముందు కూర్చుని, "ఏటమ్మా, టిక్కెట్టు ఇచ్చేసినారా?" అని అడిగాడు. "రేపు ఇస్తారంట మావా" అంది. ఆ రాత్రి ఆ తెల్ల కాగితం తెల్లగానే ఉంది.

మర్నాడు పదిన్నరకు రమణమూర్తి గారు వెయిటింగ్ రూము ముందు ఆగారు. గంట కొట్టే వేళ కాదు. లోపలికి చూడకుండా, ఎదురుగా ఉన్న నోటీసు బోర్డు వైపు తిరిగి మాట్లాడారు.

"గౌరీశ్వరీ, పద్దెనిమిదేళ్లుగా శ్రమ విభజన చెబుతున్నాను. అది ఒకరికి అర్థం కావడం నేను చూడ్డం ఇదే మొదలు." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ సంగతి రాయకమ్మా."

తర్వాత వెళ్లిపోయారు. ఈసారి ఆయన వెనుక ఎవరూ నడవలేదు.

గౌరీశ్వరి కాగితం తీసుకుని బల్ల మీద వంగింది. పల్లె బడిలో మేష్టారు ఆమె దస్తూరిని మెచ్చుకునేవారు. ఆ దస్తూరితోనే, ఒక్క కొట్టివేత లేకుండా, ఆ మంగళవారం మొదటి పీరియడ్‌లో నేను ఏమియు నేర్చుకొనలేదు అని రాసింది. మూడు ప్రతులు కావాలి గనుక మూడుసార్లు రాసింది. మొదటిసారి కష్టమైంది. మూడోసారికి చెయ్యి అలవాటు పడింది.

గురునాథరావు గారు మూడూ చదివి, ఎంతో సంతోషించి, "చూశావా, రాయగలవు! భాష కూడా చక్కగా ఉంది" అన్నారు. ప్రయోజన పత్రంలో ఆమె జవాబును ఐదు నుంచి ఒకటికి, అంటే జ్ఞానమునకు, స్వయంగా దిద్దారు. డెబ్బై ఆరుకు డెబ్బై ఆరు జ్ఞానం వచ్చిన క్లాసు జిల్లాలో అదొక్కటేనని తర్వాత తెలిసింది. రమణమూర్తి గారి మెమో ఆగిపోయింది. గౌరీశ్వరి చేతికి హాల్ టికెట్ వచ్చింది. అసిరమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, పిల్ల ఫోటో బాగుందని మెచ్చుకుంది.

సాయంత్రానికి ప్రిన్సిపాల్ గారి ఉత్తర్వు నోటీసు బోర్డు మీదకు ఎక్కింది. సదరు గంటలో విద్యార్థినులెవరును ఏమియు నేర్చుకొనలేదని లిఖితపూర్వకముగా రుజువైనందున, అది యథావిధిగా జరిగిన క్లాసేనని ధ్రువీకరించడమైనది అని అందులో ఉంది. అదే గంటలో లెక్చరరు లేని గదిలో కూర్చున్న అరవై ఇద్దరు అబ్బాయిలకు కూడా, అదే కారణం మీద, హాజరు మంజూరైంది.